పరిచర్యలో పడి ప్రార్థన పోతోంది

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. మా ఆయన ఒక పల్లెలో సంఘ కాపరి. సండే స్కూలు, స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక అందరికీ వంట, కానుకల లెక్కలు అన్నీ నేనే చూస్తాను. తెల్లవారకముందే ఫోన్లు మొదలవుతాయి. బైబిల్ తెరిస్తే పిల్లలకు పాఠం చెప్పడానికో, కూడికలో మాట్లాడటానికో. నా కోసం ప్రార్థించుకొని ఎన్నాళ్లయిందో! ఎవరితోనైనా చెబితే "పాస్టరమ్మకే ప్రార్థన లేదట" అంటారని భయం. ఏం చేయను?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మాయీ, ఇంకో గంట ముందు లెమ్మని నీకు చెప్పను. రాత్రి పొద్దుపోయాక గిన్నెలు కడిగి పడుకునే మనిషికి ఆ సలహా ఇవ్వడం దయ కాదు. వంట పనుల తొందరలో ప్రభువు దగ్గర కూర్చోలేకపోయిన మార్తను చూపించి మందలించను కూడా.

మార్కు సువార్త మొదటి అధ్యాయం తీయి. కపెర్నహూములో సాయంత్రానికి ఊరంతా శిష్యుడైన సీమోను ఇంటి వాకిట్లో చేరింది. యేసు ప్రభువు ఎంతోమందిని బాగుచేశాడు. మర్నాడు "ఇంకను చాల చీకటి యుండగానే" లేచి వెళ్లి ప్రార్థించాడు. ప్రసంగాలు ఎక్కువగా ఇక్కడే ఆగుతాయి. నువ్వు ఆగకు. సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అన్నారు. పొద్దున్నే నీకొచ్చే ఫోన్లలో ఉండే మాట కూడా ఇదే కదా. ప్రభువు మళ్లీ ఆ వాకిటికి వెళ్లలేదు, పక్క ఊళ్లకు వెళ్దాం రండి అన్నాడు. వెదికినవాళ్ల బాధలు నిజమైనవే. అయినా ఆ రోజు తన పని ఏదో తండ్రి దగ్గర తేల్చుకొని వచ్చాడని నాకు అర్థమవుతుంది.

ప్రార్థన తగ్గితే బలం తగ్గుతుందని అందరూ చెబుతారు. నాకు అంతకంటే భయం ఇంకొకటి: ఏది మన పనో, ఏది కాదో తెలియకుండా పోతుంది. ఇక ఎవరు గట్టిగా పిలిస్తే వాళ్ల వెంట పరుగే.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో విధవరాళ్ల భోజనం గురించి సణుగు పుట్టింది. యేసు శిష్యులైన అపొస్తలులు దాన్ని చిన్న పనిగా చూడలేదు. మంచి పేరున్న ఏడుగురికి అప్పగించి, తాము ప్రార్థనకూ వాక్యానికీ నిలబడ్డారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. సణిగింది కూడా గ్రీకు భాష మాట్లాడేవాళ్లే! శుక్రవారం వంట గురించి సణిగే అక్కలు మీ సంఘంలోనూ ఉంటారు. ప్రేమగా పిలిచి వాళ్లకే అప్పగించు. నీ చేతి రుచి రాకపోయినా పరవాలేదు. కానుకల లెక్కలు మాత్రం వెంటనే మీ ఇంట్లోంచి కదలాలి. సంఘ పెద్దలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. కాపరి కుటుంబానికి అది రక్షణ కూడా.

ఇక నీ బైబిల్. పాఠంతో సంబంధం లేని భాగం చదువు. 131వ కీర్తనతో మొదలుపెట్టు, మూడే వచనాలు. పెన్నూ నోట్‌బుక్కూ దగ్గర పెట్టుకోకు. మంచి మాట తగలగానే "ఇది కూడికలో చెప్పాలి" అనిపిస్తుంది, మనవాళ్లందరికీ ఉన్న అలవాటే. చెప్పకు. చనుపాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు అని ఉంది చూడు, అలా కాసేపు ఉండు. 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ అనే క్రైస్తవ సంఘం మొదలుపెట్టిన దేవదాసు అయ్యగారు దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం, అంటే ఎదురుచూస్తూ ఉండటం నేర్పారు. మాటలు రాని రోజున అదే చెయ్యి.

పిల్లలు బడికి వెళ్లాక ఒక అరగంట చాలు. ఫోను పక్క గదిలో పెట్టేయి. ఈ జవాబు మీ ఆయనకు చూపించు. "ఆ సమయంలో అమ్మగారు ప్రార్థనలో ఉంటారు, అవసరమైతే నాకు ఫోన్ చేయండి" అని ఆదివారం ప్రకటనల్లో ఆయనే చెప్పాలి. నువ్వు చెబితే గొణుగుతారు, ఆయన చెబితే సర్దుకుంటారు.