ఈ వారం ఏం చూద్దాం, ఏం చదువుదాం, ఏం విందాం?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్ళు. కిందటి వారం కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు కంటికి శ్రమ వద్దన్నారు. అమ్మకు చదవడమంటే ప్రాణం. ఇప్పుడు ఊరికే కూర్చుని దిగులు పడుతోంది. ఆఫీసు నుంచి వచ్చాక నాకు ఒక గంట తీరిక ఉంటుంది. ఏం చేయమంటారు?
– ఒక కూతురు, ఖమ్మం

జవాబు: ఆ గంటలో మీరే చదివి వినిపించండమ్మా. సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు'తో మొదలుపెట్టండి. మొత్తం నూరు కథలు. ఒక్కోటి మూడు నాలుగు పేజీలే, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది. మా నాన్నగారికి చూపు మందగించిన రోజుల్లో రాత్రి భోజనాలయ్యాక నేను చదివిన పుస్తకం ఇదే. మొదటి కథ 'వరద'. కృష్ణ పొంగి ఊరు మునిగితే, ఆకలి ముందు ఆచారం ఎంతసేపు నిలుస్తుందన్నది కథ. అది విన్నాక నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళోకి నీళ్ళొచ్చిన రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టారు. గొడ్లను కట్లు విప్పి వదిలేయడం, నాయనమ్మ ధాన్యం గాదె దగ్గరే నిలబడి రానని మొండికేయడం... అన్నేళ్ళలో ఆ సంగతులు మాకెవరికీ చెప్పలేదు. అందుకే, రోజుకు ఒక్క కథే చదవండి. మిగిలిన సమయం అమ్మ మాటలకు ఉంచండి. గుంటూరు పలుకును అనుకరించాలని చూడకండి, మీ ఇంటి యాసలోనే చదవండి. బాపు బొమ్మలున్న పుస్తకం దొరికితే బొమ్మలో ఏముందో కూడా చెప్పండి.

ఆదివారం 'మల్లీశ్వరి' పెట్టండి. 1951 నాటి సినిమా, అమ్మగారు చూసే ఉంటారు కాబట్టి ఇప్పుడు కళ్ళు మూసుకుని విన్నా చాలు. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి. సినిమాకు ఆయన రాయడం అదే మొదలు. 'పరుగులు తీయాలి' పాటలో వాన ముంచుకొస్తుంటే గిత్తల్ని తోలే తొందరంతా ఘంటసాల గొంతులో వినిపిస్తుంది. తర్వాత సత్రంలో మారువేషంలో ఉన్న రాయలవారి పక్కన పెద్దన ఉంటాడు కదా, ఆ వేషం వేసింది రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు. అమ్మగారు చిన్నప్పుడు రేడియోలో ఆయన్ని వినే ఉంటారు. ఆ గొంతు గుర్తుపట్టారేమో అడగండి. 'మనసున మల్లెల మాలలూగెనే' వచ్చేసరికి మాత్రం మీరు కూడా పనులు ఆపి పక్కన కూర్చోండి. ఎన్నాళ్ళో ఎదురుచూసిన మనిషి దగ్గరికొస్తే కలిగే సంతోషాన్ని భానుమతి గారు ఎంత నెమ్మదిగా పాడారో! రాజేశ్వరరావు గారి వరసల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ప్రశ్న: గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. రాత్రి పడుకుంటే ఒకటే టెన్షన్. వినడానికి ఏదైనా చెప్పండి.
– ఒక అభ్యర్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తన 'పలుకే బంగారమాయెనా' వినండి బాబూ. ఆనందభైరవి రాగం. రామదాసు, అంటే కంచర్ల గోపన్న, తాసిల్దారు పని చేసి గోల్కొండ చెరలో పడ్డవాడు. ఎంత పిలిచినా పలకవేమని రాముణ్ణే నిలదీస్తున్నాడు. ఆ బాధను బాలమురళి గారు అరవకుండా, దగ్గరివాళ్ళ మీద అలిగినట్టు పాడతారు. లైటు ఆర్పి, ఫోన్ బోర్లా పెట్టి, వారమంతా ఈ ఒక్కటే వినండి. రోజుకో కొత్త పాట వెతుక్కుంటూ కూర్చుంటే ఆ వెతుకులాటలోనే నిద్ర పోతుంది. నాలుగో రోజుకి పాట ముందే మీ మనసులో మొదలవుతుంది.

ప్రశ్న: ఇంటిల్లిపాదీ చూసేలా ఈమధ్య సినిమా ఒకటి చెప్పండి.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. దర్శకుడు వెంకటేశ్ మహా. విశాఖలోని ఆ పేటవాళ్ళే చాలామంది నటించారు, మీ ఉత్తరాంధ్ర మాట అచ్చంగా వినిపిస్తుంది. 49 ఏళ్ళొచ్చినా పెళ్ళికాని అటెండర్ రాజు కథ, దాంతోపాటు ఇంకో మూడు ప్రేమకథలు. ఇంట్లో ఎవరైనా ముందే చూసి ఉంటే చివర్లో ఏమవుతుందో చెప్పనివ్వకండి.