సరిహద్దు కొండల్లో భూకంపం వస్తే సాయం అంత ఆలస్యం ఎందుకు? 2005లో ఉరి దగ్గర నేను చూసింది

హిమాలయాల్లో, అదీ సరిహద్దు పక్కన భూకంపం వస్తే సాయం చేరడానికి రోజులు ఎందుకు పడతాయి, హెలికాప్టర్లు లేవా అని అడిగారు. ఉన్నాయి. కానీ అవి దిగడానికి చోటుండాలి కదా.

మాది మార్కాపురం వైపు. 2005 అక్టోబరు 8న కశ్మీర్‌లోని ఉరి దగ్గర ఆర్మీ డ్యూటీలో ఉన్నాను. శనివారం ఉదయం 9.20. లారీలోంచి కంకర దించుతున్నట్టు చప్పుడొచ్చింది, ఎదురు కొండ మీద దుమ్ము లేచింది. అవతల పాకిస్తాన్ వైపు నుంచి షెల్లింగ్ (ఫిరంగి గుండ్ల దాడి) మొదలైందనుకుని బంకర్‌లోకి పరిగెత్తబోయాం. కాల్పుల విరమణ వచ్చి రెండేళ్లు కావస్తున్నా ఆ అలవాటు పోలేదు. కాళ్ల కింద నేల ఊగేసరికి ఆగిపోయాం. అదే మమ్మల్ని బతికించింది. ఆ రోజు బంకర్లు కూలి చనిపోయిన జవాన్లు ఉన్నారు.

తీవ్రత 7.6, కేంద్రం ముజఫరాబాద్ దగ్గర. పాకిస్తాన్ వైపు 73 వేల మందికి పైగా, మన వైపు 1,300 మందికి పైగా చనిపోయారు.

శ్రీనగర్ నుంచి ఉరికి సుమారు 100 కిలోమీటర్లు. జీలం నది వెంట ఒకటే రోడ్డు, దాని మీద కొండచరియలు పడ్డాయి. ఇంకో సరిహద్దు ప్రాంతం తంగ్‌ధార్‌కైతే పది వేల అడుగుల సాధనా కనుమ దాటి పోవాలి. పైగా అక్కడి ఊళ్లు మన ఊళ్లలా ఒకచోట ఉండవు. మొక్కజొన్న చేల మధ్య, వాలు మీద ఇక్కడొక ఇల్లు, అరగంట ఎక్కితే ఇంకొకటి. మేం సామాను వీపున మోసుకుంటూ ఎక్కుతుంటే మళ్లీ నేల కదిలి పైనుంచి రాళ్లు దొర్లేవి. ఇక కంచె దగ్గర మందుపాతరలు. మట్టి జారితే అవి ఎక్కడికి పోయాయో ఏ మ్యాపూ చెప్పదు.

వీటన్నిటి మీద రాజకీయం. మన దేశం హెలికాప్టర్లు ఇస్తామంది. పైలట్లు లేకుండా ఇవ్వమని పాకిస్తాన్ అడిగింది, మనవాళ్లు కుదరదన్నారు. నియంత్రణ రేఖ మీద ఐదు చోట్ల దాటనిద్దామని ఒప్పుకునేసరికి మూడు వారాలు గడిచాయి. కిందికి చూస్తే అవతలి ఊరు కనిపిస్తూనే ఉంటుంది, అక్కడ చుట్టాలున్నవాళ్లు మా పక్కనే ఉన్నారు.

అది రంజాన్ నెల. శిథిలాల పక్కన కూర్చున్న ఒక పెద్దాయనకు బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే ఫిరన్ (కశ్మీరీల పొడవాటి అంగీ) జేబులో పెట్టుకున్నాడు. పొద్దుగూకాక తీశాడు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఇళ్లు. మా వైపు రాతి గోడంటే గట్టి ఇల్లని లెక్క. అక్కడ ముందు కూలినవి అవే. బయట ఒక వరుస రాళ్లు, లోపల ఒక వరుస, మధ్యలో మట్టి, రెంటినీ కలిపి పట్టుకునే పొడుగు రాయి ఒక్కటీ ఉండదు. పైన మట్టి కప్పు బరువు. ఊగగానే గోడ రెండుగా విడిపోయి, కప్పు మనుషుల మీదికొచ్చింది. అదే ఊళ్లో 'ధజ్జీ దీవారీ' అనే పాతకాలపు ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. చెక్క చట్రం, అడ్డంగా ఏటవాలుగా చెక్క ముక్కలు, సందుల్లో చిన్న రాళ్లూ మట్టీ. చూడ్డానికి తడికె గోడలా ఉంటుంది, పగుళ్లు కూడా పడ్డాయి, కానీ మనుషుల్ని చంపలేదు.

ఏం పంపాలి అని కూడా అడిగారు కాబట్టి చెప్తున్నా: పాత బట్టలు వద్దు. ఆ చలిలో మా చేతికొచ్చిన మూటల్లో నైలాన్ చీరలున్నాయి. వాళ్లడిగింది రేకులు, మేకులు, దుప్పట్లు. మంచు పడేలోపు తలమీద కప్పు కావాలి.

రిటైరై వచ్చాక మా పశువుల కొట్టం గోడ మళ్లీ కట్టించాను. వరుసకో పొడుగు రాయి వెయ్యమంటే "ఇక్కడేం భూకంపం వస్తాది మిలిటరీ?" అని మేస్త్రీ నవ్వాడు. 2024 డిసెంబరులో ముండ్లమూరు వైపు భూమి కంపించినప్పుడు ఫోన్ చేసింది ఆయనే, తన ఇంటి గోడ చూడ్డానికి ఎప్పుడొస్తావని.