పాత పుస్తకం వదలనంటున్న పనివాళ్లను కొత్త పద్ధతికి ఎలా ఒప్పించాలి?

చిత్తూరు దగ్గర మీ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తూకం లెక్కలు పుస్తకం నుంచి ట్యాబ్‌కి మారుస్తుంటే పాతవాళ్లు మొరాయిస్తున్నారని అడిగారు.

అది మొండితనం కాదు, చాలావరకు భయం. ఇరవై ఏళ్లుగా నోటిలెక్కతో నెట్టుకొచ్చిన మనిషికి, కుర్రాళ్ల ముందు తేలిపోతానేమోనని టెన్షన్. అమెరికాలో ఒక పైజామాల ఫ్యాక్టరీ మీద కోచ్, ఫ్రెంచ్ అనే పరిశోధకులు 1948లో ప్రచురించిన అధ్యయనం ఉంది. మార్పు ఎలా చేయాలో పనివాళ్లనే కూర్చోబెట్టి అడిగిన చోట ఉత్పత్తి త్వరగా కోలుకుంది. ఊరికే ఆర్డరు వేసిన చోట గొడవలు, కొందరు పనే మానేశారు.

కాబట్టి ట్యాబ్‌లో ఏ వివరం ముందు రావాలో ఆ పాతవాళ్లనే అడగండి. ఉద్యోగం పోదని యజమానే స్వయంగా చెప్పాలి, అదీ నిజమైతేనే. తోతాపురి లోడ్లు బారులు తీరే జూన్, జూలైల్లో మాత్రం మొదలుపెట్టకండి. సీజనుకు ముందే నేర్పి, కొన్ని వారాలు పుస్తకాన్నీ పక్కన ఉండనివ్వండి.