ఒండ్రు పొరలను చదవబోతున్న శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

నదులు వేసిన మేటల్లో పాత వాతావరణ మార్పుల జాడ వెతకాలని నిశ్చయించుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. పనిలో దిగేముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను: పొరలో కనిపించిన మార్పును వాతావరణానికి అంటగట్టే ముందు, అందులో నది తన స్వభావం కొద్దీ చేసినదెంతో తేల్చుకో.

కోసుకుపోయిన గట్టు ముందు నిలబడినప్పుడు, సన్నని బంకమట్టి మీద ఉన్నట్టుండి ముతక ఇసుక కనిపిస్తే, ఇక్కడ వానలు పెరిగాయని నోటుబుక్కులో రాసేయాలనిపిస్తుంది. తొందరపడవద్దు. 2008 ఆగస్టులో కోసీ నది నేపాల్‌లోని కుసహా దగ్గర కరకట్టను తెంచుకుని, దాదాపు 120 కిలోమీటర్లు తూర్పుకు జరిగి, పొలాల మీద ఇసుక మేటలు వేసింది. ఆనాడు నదిలో ఉన్నది కట్ట తట్టుకోవలసిన ప్రవాహంలో చిన్న భాగమే. కట్టల మధ్య ఏళ్ల తరబడి అడుగు పూడుతూ రావడం అసలు సంగతి. ఆ మేటను రేపెవరైనా మహావర్షాల గుర్తుగా చదివితే పొరపాటే కదా.

అందువల్ల ఒక్క గట్టును నమ్ముకోక, ఒకదానికొకటి దూరంగా ఉన్న అనేక చోట్ల అదే మార్పు అదే కాలంలో కనిపిస్తున్నదా అని చూడు. సుమారు 5.6 కోట్ల ఏళ్ల కిందట భూమి 5 నుంచి 8 డిగ్రీలు వేడెక్కినప్పుడు, స్పెయిన్‌లోని పిరెనీస్ పర్వతాల దక్షిణాన ట్రెంప్ బేసిన్‌లో నేల పొరల మీద గులకరాళ్ల పొర విశాలంగా పరుచుకుంది. అది వాతావరణం చేసిన పనేనని మనం ధైర్యంగా అనగలగడానికి కారణం, రాళ్ల పరిమాణం ఒక్కటే కాదు. కార్బన్ ఐసోటోపుల్లో, అంటే వేర్వేరు బరువున్న కార్బన్ పరమాణువుల పాళ్లలో, వచ్చిన పెద్ద మార్పు ఆ మట్టాల్లోనే కనిపించడమూ, అదే మార్పు సముద్రపు అడుగు మట్టిలోనూ దొరకడమూ.

నా అనుభవంలో ఇసుక కన్నా పాత నేలలే ఎక్కువ చెబుతాయి. వరద మైదానంలో నది చాలాకాలం తాకకుండా వదిలిన చోట వేళ్ల గుర్తులు, ఎర్రబడిన మట్టి, సున్నపు గడ్డలు ఏర్పడతాయి. పొడి కాలాలు ఉన్నచోటే ఆ గడ్డలు బాగా పెరుగుతాయి; పైగా, పైన మొలిచిన మొక్కల తీరును తమ కార్బన్‌లో దాచుకుంటాయి. హిమాలయాల పాదాల దగ్గరి శివాలిక్ కొండల పొరల్లో సుమారు 70, 80 లక్షల ఏళ్ల కిందట చెట్ల స్థానంలో ఉష్ణమండలపు గడ్డి విస్తరించిందని తెలిసింది వీటివల్లే. దాన్ని మొదట రుతుపవనాలు బలపడడానికి గుర్తుగా చెప్పారు, కానీ ఇతర ఖండాల్లోనూ దాదాపు ఆ కాలంలోనే గడ్డి విస్తరించిందని తేలాక, గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. ఇంత చక్కని ఆధారానికి కూడా రెండో అర్థం ఉండవచ్చని మరచిపోకు.

కాలనిర్ణయంలో జాగ్రత్త మరీ ముఖ్యం. బొగ్గు ముక్క దొరికితే, అందులో కాలంతో తరిగిపోయే రేడియోకార్బన్‌తో సుమారు 50,000 ఏళ్ల దాకా లెక్కించవచ్చు గాని, ఆ ముక్క ఎగువన పాత గట్టులోంచి కొట్టుకొచ్చిందైతే నీ పొర ఉన్నదానికన్నా పాతదిగా తేలుతుంది. ఇసుక రేణువులు చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని కొలిచే పద్ధతికైతే, గొట్టాన్ని గట్టులోకి దిగగొట్టి, ఎండ సోకకుండా రెండు చివరలూ వెంటనే మూసేయాలి. ఒకసారి నేను మూత ఆలస్యంగా బిగించి, మూడు రోజుల శ్రమను పోగొట్టుకున్నాను.

రెండు పొరల మధ్య గీత సన్నగా ఉన్నంత మాత్రాన మధ్యలో గడిచిన కాలం కొద్దిదని అనుకోవద్దు. నది తాను వేసినదాన్ని తానే కోసుకుపోతుంది, ఆ గీతలో వేల ఏళ్లు పోయి ఉండవచ్చు. అటువంటి ప్రతి గీతనూ బొమ్మలో విడిగా గుర్తించి, నీ మొదటి గట్టు కొలతలు పూర్తికాగానే నాకు పంపు. తేదీలు వేయకముందే పంపితే మరీ మంచిది.