మొదటి ఎక్స్‌రే ఎక్కడుంది?

ప్రశ్న: మాది పలాస. మా ఆయన జీడిపప్పు బట్టీలో పనిచేస్తారు. ఇంటి దగ్గర వానలో మెట్టు మీద జారిపడి చీలమండ వాచింది, అడుగు వేయలేకపోయారు. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఒకే ఎక్స్‌రే తీసి, బెణుకేనని కట్టు కట్టి పంపేశారు. నెల తర్వాత విశాఖలో సీటీ తీస్తే ఎముక విరిగిందని తేలింది, ఆపరేషన్ అయింది. ఏడాదిన్నర దాటినా కుంటుతున్నారు. మొదటి ఆసుపత్రివాళ్లు అడిగితే ఫిల్మ్ ఇచ్చేశాం. పోలీసు కేసు పెట్టొచ్చా? తెలిసిన డాక్టరొకరు పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు.

జవాబు: అమ్మా, విరిగింది కనిపెట్టలేదన్న ఒక్క మాటతో కేసు నిలవదు. కొన్ని విరుగుళ్లు మొదటిరోజు ఎక్స్‌రేలో నిజంగానే కనబడవు. మీ కేసును తేల్చేది ఒక్కటే. నాలుగడుగులు వేయలేని మనిషికి, ఎముక మీద నొక్కితే నొప్పి ఉందో లేదో చూశారా, ఎన్ని ఎక్స్‌రేలు తీశారు? చీలమండకు ముందు నుంచి, పక్క నుంచి, పాదం కాస్త లోపలికి తిప్పి ఇంకొకటి, ఇలా మూడు తీయడం మామూలు పద్ధతి. వెనకవైపు విరిగితే ముందు నుంచి తీసినదానిలో తప్పిపోవచ్చు. ఒక్కటే తీశారనడానికి మీ చేతిలో ఉన్న సాక్ష్యం ఆ ఫిల్మ్. నకలైనా తీసుకోకుండా ఎలా ఇచ్చేశారు?

డిజిటల్ ఎక్స్‌రే అయితే తేదీ, టైముతో సహా కంప్యూటర్‌లో ఉండొచ్చు. ఓపీ చీటీ నకలు, ఎక్స్‌రేల సీడీ ఇవ్వమని ఈరోజే రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి. మూడేళ్లు దాచాలన్న నిబంధన మాత్రం అడ్మిటైన రోగుల రికార్డులకే. మీ ఆయన అడ్మిట్ కాలేదు కాబట్టి ఆలస్యం చేయొద్దు.

పాత తేదీ సర్టిఫికెట్ జోలికి వెళ్లకండి. దొంగ సాక్ష్యం సృష్టించడం నేరం. ఆ డాక్టరు ఓపీ రిజిస్టరు తెప్పించమని అవతలి వకీలు అడిగితే చాలు, మీ అసలు కాగితాలను కూడా ఎవరూ నమ్మరు.

పోలీసు కేసూ ఇప్పుడు వద్దు. డాక్టరుపై క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తిరుగుళ్లలో మీ గడువు కాస్తా అయిపోతుంది. వినియోగదారుల చట్టం కింద గడువు రెండేళ్లే. విశాఖలో తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, మీరు మాత్రం మొదటి ఎక్స్‌రే రోజు నుంచే లెక్కేసుకోండి.

విశాఖ సర్జన్ దగ్గర ఒక్క విషయం రాయించుకోండి: నెల ఆలస్యం వల్ల అదనంగా జరిగిన నష్టం ఏమిటి? ఎముక విరిగినందుకు కాదు, ఆ ఆలస్యానికే పరిహారం వస్తుంది. రెండు ఆసుపత్రుల బిల్లులతో శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మొదటి ఆసుపత్రికి కట్టింది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. సీడీ రాకపోయినా గడువులోపే వేసి, రికార్డు తెప్పించమని కమిషన్‌నే అడగండి.