నకలు గీసే ముందు

బిడ్డా,

"ఒక్క ఫోటో కొడితే పోయేదానికి పాత బొమ్మలకు నెలల తరబడి ఈ నకళ్లు గీయడమెందుకు పెద్దనాన్నా" అని మొన్న విసుక్కున్నావు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియానికి వెళ్లు. అక్కడ అజంతా చిత్రాల నకళ్లున్నాయి. అజంతా ఒకప్పుడు హైదరాబాద్ నిజాం ఏలుబడిలోదే. ఓ గంట వాటి ముందు నిలబడు.

రాబర్ట్ గిల్ అనే దొర ఏళ్ల తరబడి ఆ గుహల్లో కూర్చుని గీసిన నకళ్లలో చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూలు మాస్టారు జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో వచ్చి 1872 నుంచి 1885 దాకా మళ్లీ గీయించాడు. అవీ 1885లో లండన్‌లోనే చాలా కాలిపోయాయి. ఏం ఖర్మో! ఈలోగా గోడల మీది రంగు రాలుతూనే ఉంది. గోడ మీద పోయినవాటిని ఇప్పుడు మిగిలిన నకళ్లలోనే వెతుక్కోవాలి. పైగా ఫోటో కొట్టడానికి సెకను చాలు, అంతసేపే చూస్తాం. గీసేవాడికి మాత్రం ఏ గీత ముందు పడిందో, ఏ రంగు మీద ఏది ఎక్కిందో తెలుసుకోక తప్పదు.

అదే గ్రిఫిత్స్ బృందం బొమ్మలు బాగా కనబడాలని గోడకే వార్నిష్ పూసింది. తర్వాత ఆ పూతే బొమ్మలకు చేటయింది. అందుకని అసలు బొమ్మ జోలికి పోకు. రేపు శిల్పానికి అచ్చు తీయమన్నా, పొడి రాలుతున్న రాతి మీద రబ్బరు పోయకు. కొలతలు, ఫోటోలు తీసుకుని విడిగా చెయ్యి.

ఇక నా తప్పు చెబుతా. కుర్రతనంలో ఓ విరిగిన విగ్రహం బొమ్మ గీస్తూ, బాగుంటుందని ముక్కు నేనే పెట్టేశా. మా గురువుగారు చూసి, "ఈ ముక్కు ఎవరిదోయ్, నీదా?" అన్నారు. ఇప్పటికీ సిగ్గే. పగులుంటే పగులే గీయి. ఊహించాలనిపిస్తే వేరే కాగితం తీసుకో.

వెనక "నకలు" అనీ, నీ పేరు, తేదీ చెరగకుండా రాయి. లోహమైతే చెక్కు. ఓసారి ఒకాయన నా కంచు బొమ్మను పేడలో పాతి పాతదానిలా కనబడేట్టు చేసివ్వమన్నాడు. టీ తాగించి పంపేశా. డబ్బు బాగానే ఇస్తానన్నాడనుకో!

అన్నట్టు, అసలు విగ్రహాన్ని పిల్లల చేతికివ్వలేం. నువ్వు చేసినదాన్ని ఆటోలో పెట్టుకుని అంధుల బడికి తీసుకెళ్లొచ్చు, వాళ్లు తడిమి చూస్తారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

మ్యూజియానికి సెలవు ఏ రోజో కనుక్కుని వెళ్లు. పెన్సిల్, కాగితాలు పట్టుకెళ్లు. ఫోన్ సంచిలోనే ఉండనీ.

మీ పెద్దనాన్న