ల్యాప్‌టాప్‌లో టక్ టక్ శబ్దం.. విండోస్ మళ్లీ వేయిస్తే పోతుందా?

సమస్య: మాది చిత్తూరు. తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నా. రోజూ ల్యాప్‌టాప్‌తో బస్సులో వెళ్లొస్తుంటా. అది కొని ఆరేళ్లయింది. నెల రోజులుగా ఆన్ కావడానికి పది నిమిషాలు పడుతోంది, ఫైలు తెరిస్తే బిగుసుకుపోతోంది. నాలుగు రోజులుగా అప్పుడప్పుడు టక్ టక్‌మంటోంది. విండోస్ మళ్లీ వేస్తే సరిపోతుందని షాపులో అంటున్నారు. థీసిస్ అంతా అందులోనే ఉంది. వేయించమంటారా?

సలహా: ఇప్పుడు వద్దండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ హార్డ్ డిస్క్ పాడవుతోందనే సూచిస్తున్నాయి. విండోస్ మళ్లీ వేస్తే అదే డిస్క్ మీద పెద్ద ఎత్తున రాత జరుగుతుంది, మీ ఫైళ్లు ఉన్న చోటు కూడా చెరిగిపోవచ్చు. విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికే చెక్‌డిస్క్ కమాండ్‌ను స్లాష్ ఆర్ (/r)తో నడపమని ఎవరైనా చెప్పినా ఆగండి. అది డిస్క్‌లోని ప్రతి సెక్టార్‌నూ, అంటే డేటా దాచే ప్రతి చిన్న గడినీ, చదువుతుంది. డిస్క్ మీది డేటాను చదివే, అసలే నీరసించిన హెడ్‌కు గంటల తరబడి పని.

పరీక్షల కన్నా ముందు థీసిస్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. మొత్తం డిస్క్ కాపీ చేయబోకండి. రాసిన అధ్యాయాలు, డేటా ముందు, ఫొటోలు తర్వాత, సినిమాలు వదిలేయండి. మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంటే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కమాండ్ వాడండి. చదవలేని ఫైలు దగ్గర అది 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నించేలా ముందే అమర్చి ఉంటుంది. అందుకే ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పే ఆర్, మధ్యలో ఎంతసేపు ఆగాలో చెప్పే డబ్ల్యూ రెండింటికీ సున్నా ఇవ్వండి (/R:0 /W:0), పాడైన ఫైలును దాటుకుని ముందుకెళ్తుంది. విండోసే తెరుచుకోకపోతే విండోస్‌కు బదులు వాడే ఉచిత సిస్టమ్ ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి కాపీ చేయొచ్చు. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ కావాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ఇప్పుడే చూసి రాసిపెట్టుకోండి.

ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవండి. డిస్క్ తన గురించి తానే రాసుకున్న ఆరోగ్య లెక్కలను (వీటినే స్మార్ట్ అంటారు) అది చూపిస్తుంది. 'గుడ్' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, రా వాల్యూస్ అనే గడిలోని అసలు అంకెలు చూడండి. 05 వరుసలో ఉండేది పాడైపోయి, బదులు సెక్టార్ కేటాయించిన చోట్ల లెక్క. సీ5 చదవలేక పెండింగ్‌లో ఉంచినవి. సీ6 సరిచేయలేకపోయినవి. అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉంటాయి కాబట్టి చివర 10 కనిపిస్తే అది 16 అని అర్థం. సీ5 కొద్దిగా ఉన్నంతలో డిస్క్ పోయినట్టు కాదు. బ్యాటరీ చచ్చి ఛార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్‌లో కరెంటు పోయినా అలా రావొచ్చు, ఆ చోట మళ్లీ రాస్తే తగ్గిపోతుంది. కానీ వారంలో 05 గానీ సీ5 గానీ పెరిగితే డిస్క్ మార్చాల్సిందే. ఈ మూడూ సున్నాగా ఉండి డేటా పంపడంలో తప్పులు లెక్కించే సీ7 ఒక్కటే పెరుగుతుంటే తప్పు కేబుల్‌దో కనెక్టర్‌దో కావచ్చు. అది విప్పి మళ్లీ గట్టిగా బిగించి చూడాలి. ఈ తేడా చూడకుండా డిస్క్ కొనేయడం డబ్బు దండగ.

టక్ టక్ అనేది హెడ్ తన దారి దొరక్క వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించే చప్పుడు. అది ఆగకుండా వస్తూ, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) డిస్క్ పేరే కనిపించకపోతే వెంటనే ఆఫ్ చేసేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే హెడ్ డేటా ఉండే పళ్లేన్ని గీకేయొచ్చు. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం, దాని మూత విప్పడం అసలే వద్దు. ఆ దశలో డేటా రికవరీ ల్యాబ్ ఒక్కటే దారి.

బస్సు ప్రయాణం కూడా ఒక కారణం అయ్యుండొచ్చు. మూత వేసినంత మాత్రాన ల్యాప్‌టాప్ ప్రతిసారీ నిద్రలోకి పోదు. తిరుగుతున్న డిస్క్‌కు బ్యాగులో కుదుపు తగిలితే ప్రమాదం. ఇకపై షట్‌డౌన్ చేసి లైట్లు ఆరాకే బ్యాగులో పెట్టండి.

మార్చాల్సి వస్తే హార్డ్ డిస్క్ స్థానంలో సరిపోయే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి. అందులో తిరిగే భాగాలుండవు, కుదుపు భయం తగ్గుతుంది. మీ పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్ల మందం ఉంటే, 7 మిల్లీమీటర్ల ఎస్‌ఎస్‌డీ కదలకుండా ఖాళీని నింపే స్పేసర్ అడగండి. విండోస్ కొత్తగా వేయించాల్సింది ఆ ఎస్‌ఎస్‌డీ మీదే. పాత డిస్క్‌ను షాపులో వదిలేయకండి. కాపీ చేసిన థీసిస్ ఫైళ్లను ఒక్కొక్కటిగా వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసుకునేదాకా అది మీ దగ్గరే ఉండాలి.